ముందు నీళ్లు

దేవుడి మాట చెప్పడానికి వచ్చినవాళ్లకు అనంతపురం మెట్ట నేల ఒక పరీక్ష పెట్టింది. ఇక్కడ ఏది ముందు, ఏది వెనక? మూడు వందల ఏళ్లలో దానికి ఎవరు ఏ జవాబు చెప్పారన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.

కళ్యాణదుర్గం నుంచి కంబదూరు దారి పడితే రెండు పక్కలా ఎర్రమట్టి చేలు, మధ్యమధ్య గుండ్రాళ్ల గుట్టలు. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక పావగడ సరిహద్దు. జూన్ సగం దాటాక ఈ పక్క ఏ రచ్చకట్ట దగ్గర ఆగినా ‘‘మీ పక్క పదునయిందా?’’ అన్న మాటే వినిపిస్తుంది. నేలలోకి జానెడు తడి దిగితే గొర్రు కట్టి శెనక్కాయ విత్తనం వేస్తారు. దిగకపోతే మబ్బులు చూస్తూ ఇంకో వారం, ఇంకో పక్షం. ఆగస్టు దాకా అదే వరసయితే విత్తనానికి దాచిన కాయలు అయినకాడికి అమ్మేసి, ముసలివాళ్లను ఇంటి దగ్గర ఉంచి, బెంగళూరు బస్సెక్కుతారు.

ఇది ఒక ఏడాది ముచ్చట కాదు. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే కురిసేస్తుంది. ఇవతలికి వచ్చేసరికి అందులో గాలే మిగులుతుంది. ఈశాన్య రుతుపవనానికి కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చే సత్తువ ఉండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా అనంతపురమే అని చెప్పుకోవడం ఇక్కడివాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ పడేదైనా విత్తనం వేళకు పడదు, కాయ ఊరే వేళకు అసలే పడదు.

ఇలాంటి చోటికి దేవుడి పేరు మీద వచ్చినవాళ్లు తక్కువేం కాదు. కంబదూరులో మల్లికార్జునస్వామి పాత రాతిగుడి ఉంది. ఊళ్లో ఒకప్పటి జైన ఆనవాళ్లు ఉన్నాయని చరిత్ర పరిశోధకులు రాశారు. అంటే వెయ్యేళ్ల కిందటే ఈ వీధుల్లో బోధకులు తిరిగారన్నమాట. పెనుకొండలో బాబయ్య దర్గా ఉంది, ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. తర్వాత యూరప్ నుంచి, అమెరికా నుంచి క్రైస్తవ మిషనరీలు వచ్చారు. వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి ఉండి కూడా ఊరిని చూడకుండానే పోయారు. కొందరు వచ్చిన పనిని పక్కన పెట్టి ఊరు చూపించిన పని చేశారు. ఒకాయన అయితే ఆ పని కోసం తన ఫాదర్ హోదానే వదులుకున్నాడు.

సేవకు వెళ్లేవాడు భాష నేర్చుకోవాలి, తిండి అలవాటు చేసుకోవాలి, ఎండకు తట్టుకోవాలి. ఇవన్నీ అందరూ చెప్పేవే. అంతకన్నా కష్టమైంది ఒకటుంది. తన సంచిలో తెచ్చుకున్న పనుల జాబితాను మడిచి లోపల పెట్టేసి, ఊరి జాబితా చదవగలగడం. ఈ కథనమంతా దాని గురించే.

కాషాయం కట్టిన ఫాదర్లు

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్లు కొందరు తెలుగు, కన్నడ సీమల్లోకి వచ్చారు. దాన్ని కర్ణాటక మిషన్ అనేవారు. చిక్కబళ్లాపురం, పుంగనూరు పక్క నుంచి అనంతపురం, ధర్మవరం పరిసరాల దాకా వాళ్ల రాకపోకలు సాగాయి. అంతకు వందేళ్ల ముందు, 1606లో మదురై చేరిన ఇటలీ జెస్యూట్ రాబర్ట్ డి నోబిలీ వేసిన దారి అది. కాషాయం కట్టాలి. మాంసం, మద్యం ముట్టకూడదు. సంస్కృతం నేర్వాలి. తాము రోమాపురి నుంచి వచ్చిన సన్యాసులమని చెప్పుకోవాలి.

ఆ చదువు మామూలు చదువు కాదు. ఫాదర్ జాన్ కాల్మెత్ 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపించాడు. వాటిలో తెలుగు లిపిలో రాసినవి ఉన్నాయి. తెలుగు నాట ఏళ్లపాటు గడిపిన మరో ఫాదర్, గాస్టన్ కూర్దూ, సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకూ మధ్య చుట్టరికం ఉందని 1767లో ఫ్రాన్స్ పండితులకు రాశాడు. అదే మాట సర్ విలియం జోన్స్ కలకత్తాలో చెప్పింది 1786లో. అంటే భాషాశాస్త్రం గర్వంగా చెప్పుకునే ఒక ఊహ జోన్స్ కన్నా దాదాపు ఇరవై ఏళ్ల ముందే, తెలుగు ఊళ్లలో తిరిగిన ఒక ఫాదర్‌కు తట్టింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా గట్టిగా రావాలని నా కోరిక.

అంత చదువుకున్నవాళ్లు ఊరిని ఏ వైపు నుంచి చూశారన్నది మాత్రం వేరే సంగతి. అగ్రవర్ణాలు కదిలితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారన్నది నోబిలీ లెక్క. అందుకే సన్యాసి ఫాదర్లు పైకులాల మధ్య మెలిగారు. కింది కులాల దగ్గరికి వేరే తరహా ఫాదర్లు వెళ్లేవారు. మాలమాదిగ పేటల గడప తొక్కితే తమ మర్యాద పోతుందని సన్యాసి ఫాదర్లు జంకేవారు. రోగి చావుబతుకుల్లో ఉన్నా ఆ గుడిసెలోకి ఫాదర్ వెళ్లవచ్చా లేదా అన్నది రోమ్ దాకా పోయిన తగువు. 1744లో పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ కట్టుదిట్టమైన ఆజ్ఞ ఇచ్చి ఆ పద్ధతులకు అడ్డుకట్ట వేశాడు. 1773లో జెస్యూట్ సభనే రద్దు చేశారు. ఆ మిషన్ అలా సన్నగిల్లిపోయింది.

వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. ఇల్లూ దేశం వదిలి, ఒంటిపూట అన్నం తిని, ఎరగని నేలలో మట్టిలో కలిసిపోయినవాళ్లు వాళ్లు. మన తిండి తిన్నారు, మన బట్ట కట్టారు, మన శాస్త్రాలు చదివారు. పై నుంచి కిందికి చూసే చూపు మాత్రం మారలేదు. ఊరి చివర పేట నుంచి చూస్తే అదే ఊరు వేరేగా కనిపిస్తుంది. ముందు కావాల్సింది వేదాంతచర్చ కాదనీ, చేదుకోవడానికి ఒక బావి అనీ తెలుస్తుంది.

కరువులో బాప్తిస్మం ఆపినవాడు

ఆ చూపు తెలుగు నేల మీద గట్టిగా మారింది ఒంగోలులో. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలు వచ్చాడు. మిషన్‌లో చేరకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ పని తెలియడం తర్వాత ఎంత అక్కరకొచ్చిందో ముందుముందు చూద్దాం.

మొదట్లో ఆయన దగ్గరికి ఒంగోలు బ్రాహ్మణులూ పెద్దకులాలవాళ్లూ ఆసక్తిగా వచ్చారు. ఈలోపు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడి వెంట మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అన్నారు పెద్దలు. నోబిలీ లెక్క ప్రకారమైతే జవాబు తేలికే. క్లౌ దంపతులు దాని గురించి చాలా మథనపడి మాదిగల వైపే నిలబడ్డారు. చదువుకున్నవాళ్లూ పలుకుబడి ఉన్నవాళ్లూ వెళ్లిపోతారని తెలిసే తీసుకున్న నిర్ణయం అది.

తర్వాత 1876లో ధాత కరువు వచ్చింది. అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాదు, బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1882లో గానీ విడిపోలేదు. ఆ కరువులో మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది ఆకలితో, దాని వెంట వచ్చిన కలరాతో చచ్చిపోయారు. ఎక్కువ దెబ్బ తిన్న చోట్లలో రాయలసీమ ఒకటి. అటు ఒంగోలులో జనం గుంపులు గుంపులుగా మిషన్ బంగళా ముందుకు వచ్చారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. సర్వే పని తెలిసిన క్లౌ అందులో మూడు మైళ్లకు పైగా ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తవ్వకం కొలిచి ఏ రోజు కూలీ ఆ రోజు చేతిలో పెట్టే ఏర్పాటు చేశాడు. మేస్త్రీలుగా తన బోధకులనే నిలబెట్టాడు. పగలు మట్టి లెక్క, సాయంత్రం ప్రార్థన.

ఆ రోజుల్లో వేలాది మంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం చేరినవాడు ఎవడో, నమ్మి చేరినవాడు ఎవడో తేలాలంటే ముందు కరువు గట్టెక్కాలి అన్నాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వకుండా ఆపేశాడు. చేర్చుకున్నవాళ్ల లెక్క అడిగే పై సంఘం ఒకటి అమెరికాలో కూర్చుని ఉన్నప్పుడు, ఆ లెక్కను సున్నా దగ్గర ఉంచడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. సాయం పంచడం ఆగాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. చర్చి చరిత్రల్లో పెద్దక్షరాల్లో కనిపించేది ఈ అంకె. దానికి ముందున్న ఆ ఖాళీ నెలలే గొప్పవని నేననుకుంటాను.

ఇదే వరుసలో దోర్నకల్ బిషప్ అజరయ్యను తలచుకోవాలి. తిరునెల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట చెప్పాడు. మీ త్యాగాలు చూశాం, మాకు స్నేహం కూడా కావాలి అన్నది దాని సారం. మిషనరీ నేర్వాల్సిన చదువు సగం ఆ ఒక్క విన్నపంలో ఉంది. ఇచ్చేవాడుగా కాదు, సమానుడిగా పక్కన కూర్చో అని.

మన్మాడ్ నుంచి అనంతపురానికి

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన సైన్యంలోకి వెళ్లాడు. 1938లో ఎబ్రో నది దగ్గర జరిగిన ఘోరమైన పోరు చూశాడు. ఓడిన పక్షం కావడంతో బందీల శిబిరంలో ఉన్నాడు. తర్వాత లా చదువు మానేసి 1944లో జెస్యూట్ సభలో చేరాడు. 1952లో మిషనరీగా బొంబాయిలో దిగాడు. యుద్ధం, ఆకలి, ఓటమి చూసి వచ్చిన మనిషి అన్నది ఆయన తర్వాతి నడత తెలియడానికి అవసరం.

మహారాష్ట్రలో నాసిక్ జిల్లా మన్మాడ్ కూడా మన సీమలాంటి మెట్టే. అక్కడ ఆయన మొదలుపెట్టిన పని బావులు. బావి తవ్వుకునే రైతుకు, తవ్వినన్నాళ్లూ ఇల్లు గడవడానికి గోధుమలు, నూనె ఇచ్చేవాడు. చేతికి దానంగా కాకుండా, తన చేలో తాను చేసుకునే పనికి మద్దతుగా. రైతులు కూడారు, సంఘాలు కట్టారు. అక్కడే కొందరికి కంటగింపు అయింది. మతం మార్చడానికే ఇదంతా అన్నారు. పేదవాళ్లు ఒక్కటవడం నచ్చని స్థానిక పెద్దలూ ఉన్నారు. 1968లో దేశం వదిలి పొమ్మని ఆజ్ఞ వచ్చింది.

అప్పుడు మన్మాడ్ నుంచి బొంబాయికి రైతులు వేలాదిగా నడిచారు. రెండు వందల యాభై కిలోమీటర్లు. వాళ్లలో ఎక్కువమంది హిందువులే. ఆ గొడవ ప్రధాని ఇందిరాగాంధీ దాకా పోయింది. ఫాదర్ కొన్నాళ్లు సెలవు మీద విదేశం వెళ్తారు, మళ్లీ భారతదేశం ఆయన్ను ఆహ్వానిస్తుందన్న అర్థంలో ఆమె టెలిగ్రాం ఇచ్చారు. వెళ్లాడు, 1969లో తిరిగి వచ్చాడు. మహారాష్ట్ర వద్దంది. ఆంధ్రప్రదేశ్ రమ్మంది. వచ్చి చేరింది మన అనంతపురం.

ఇక్కడ ఆయనకు యాభై ఏళ్లు. తెలుగు రాదు. డబ్బు లేదు. వెంట ఉన్నది గుప్పెడు మంది. 1970లో జెస్యూట్ సభను విడిచిపెట్టాడు. బొంబాయిలో పత్రికా విలేకరిగా ఉండి, 1968 గొడవల్లో తనను ఇంటర్వ్యూ చేసిన ఇంగ్లండు యువతి ఆన్ పెరీని ఆ 1970 ఏప్రిల్‌లోనే పెళ్లాడాడు. ఇద్దరూ కలిసి గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అంటే మన ఆర్డీటీ, పని నిలబెట్టారు. ఫాదర్ అన్న హోదా పోయినా జనం నోట ఆయన ఫాదర్ ఫెర్రరే. ఆ పిలుపు చర్చి ఇచ్చింది కాదు కాబట్టి చర్చి తీసుకోలేకపోయింది.

ఇది నాకు చాలా పెద్ద సంగతిగా తోస్తుంది. ఇరవై ఆరేళ్లు మునిగి ఉన్న సభ. యవ్వనమంతా దాని కింద గడిచింది. తిండి, బట్ట, చివరికి సమాధి చోటు కూడా అదే చూసుకుంటుంది. ఫెర్రర్ దేవుణ్ని వదల్లేదు. ఆఖరిదాకా విశ్వాసిగానే ఉన్నాడు. వదిలింది సంస్థను. ఊరి పనికీ సంస్థ కట్టుబాట్లకీ మధ్య ఏది ముందని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఊరే ముందన్నాడు. అందరు మిషనరీలూ అలా బయటికి రావాలని కాదు. క్లౌ తన సంఘంలోనే ఉండి, అజరయ్య తన చర్చిలోనే ఉండి పని చేశారు. కానీ సేవలో ఒకసారైనా ఈ ప్రశ్న ఎదురుపడని మిషనరీ ఉంటే, అతను బహుశా ఊరి పొలిమేర దాటి లోపలికి వెళ్లి ఉండడు.

బావి నేర్పిన పాఠం, బోరు నేర్పిన పాఠం

ఆర్డీటీ మొదటి దశ పని నీళ్లు. అప్పట్లో ఇక్కడ బావి తవ్వడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. పైన ఎర్రమట్టి నాలుగైదు అడుగులు, గడ్డపారకు లొంగుతుంది. దాని కింద మొరం, పోటు వేసిన చోటల్లా చేతులు బొబ్బలు. ఆ కింద గుండు. అక్కడ ఉలితో బెజ్జం కొట్టి తూటా పెట్టి పేల్చాలి. పేల్చిన రాళ్లు తట్టల్లో, తాడు మీద, మనిషి మీదుగా మనిషి పైకి అందుకోవాలి. ఇంటిల్లిపాదీ వేసవంతా దిగితే గానీ ఊట మొహం కనిపించదు. ఊట పడ్డాక కపిల కట్టేవాళ్లు, తర్వాత ఆయిల్ ఇంజన్లు, ఆ తర్వాత కరెంటు మోటార్లు. ఒక బావిలో నీళ్లు పడితే ఆ ఇంట్లో పిల్లవాడు జీతగాడుగా పోకుండా బడికి పోయేవాడు. ఇంతకు మించిన బోధ ఏముంటుంది?

కానీ ఊరి జాబితా ఒకసారి చదివితే అయిపోయేది కాదు. 1980, 90ల నుంచి బోర్ల యుగం వచ్చింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లు, రాత్రిపూట ఊరంతా మోగే రిగ్గు లారీలు, అప్పులు. రెండు వందల అడుగుల బోరు కాస్తా నాలుగు వందలు, ఆరు వందలు, ఎనిమిది వందలైంది. పక్క చేలో బోరు పడితే మన బావి ఎండింది. పాతికేళ్ల పాటు నీళ్లు బయటికి తీయడమే మంచిపని అనుకున్న నేలలో, నీళ్లను లోపల నిలపడమే మంచిపని అయి కూర్చుంది. చెక్‌డ్యాములు, గట్లు, ఫారం పాండ్లు, బిందు సేద్యం, శెనక్కాయ బదులు చీనీ, మామిడి, చింత. నిన్న సరైన జవాబు ఇవాళ నేలకు చేటు అయింది. ఆ సంగతి ఒప్పుకుని పని తిప్పుకోవడం సంస్థలకు చాలా కష్టం. ప్రభుత్వాలకు ఇంకా కష్టం. ఉచిత కరెంటు మీద బతుకుతున్న బోరును కదిలించే మాట ఏ పార్టీ చెబుతుంది?

జాబితాలో ఇంకో మార్పు ఇంకా లోతైంది. బావి తవ్వుకోవాలంటే చేను ఉండాలి. చేను లేనివాడి మాటేమిటి? చేను ఉన్న ఇంట్లోనైనా ఆడమనిషి మాటేమిటి? ఆర్డీటీ పని దళిత, గిరిజన, వెనుకబడిన కుటుంబాల వైపు, మహిళా సంఘాల వైపు, వికలాంగుల వైపు విస్తరించడంలో ఆన్ ఫెర్రర్ చెయ్యి పెద్దది. ఈ ప్రాంతంలో కాలనీల్లో ఆర్డీటీ ఇళ్లు చూస్తే గోడలు, గది, మిద్దె అన్నీ మామూలే. చూడాల్సింది కాగితం. ఆ ఇల్లు ఇంటి ఆడమనిషి పేరున ఉంటుంది. మొగుడు తాగి వచ్చి ‘నా ఇంట్లోంచి పో’ అనడానికి వీల్లేదు. ఒక పేరు మార్చి రాయడం వల్ల ఇంట్లో ఎవరి గొంతు ఎంత లేస్తుందన్నది మారింది. ఎన్ని ప్రసంగాలు చేస్తే అంత పని జరుగుతుంది?

తర్వాత ఆసుపత్రులు. కణేకల్లు, కళ్యాణదుర్గం, బత్తలపల్లిలో. కంబదూరు పల్లెల్లో కాన్పు కష్టమైందంటే ఈరోజుకీ మొదట గుర్తొచ్చే పేర్లలో కళ్యాణదుర్గం ఆర్డీటీ ఆసుపత్రి ఒకటి. ఎయిడ్స్ పేరు చెబితే సొంత బంధువులు కూడా గడప దాటనివ్వని రోజుల్లో బత్తలపల్లిలో ఆ రోగులకు మంచం, మందు, అన్నం పెట్టారు. చూపు లేని పిల్లలకు బ్రెయిలీ పుస్తకాలు, వినికిడి లేని పిల్లలకు బడులు, అనంతపురం క్రీడాగ్రామం. 1969లో ఈ పనులేవీ ఎవరి ఊహలోనూ లేవు. ఒక్కో పనిని ఒక్కో కుటుంబం గోడు ముందుకు తెచ్చింది.

ఇదొక్క మతం వాళ్ల గొప్పే అనుకోవద్దు. ఇదే జిల్లాలో 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయిబాబా సంస్థ ఏడు వందలకు పైగా ఊళ్లకు తాగునీళ్లు పట్టించింది. ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టి, నడుములు వంగిన పల్లెలు ఎన్నో అందులో ఉన్నాయి. భజన చేయించేచోటా, ప్రార్థన చేయించేచోటా ఈ నేల ఒకే మొదటి కోరిక వినిపించింది. విన్నవాళ్లు విన్నారు.

ఎవరి డబ్బు, ఎవరి ఊరు

ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. ఆన్ ఫెర్రర్, కుమారుడు మాంచో ఫెర్రర్ పనిని ముందుకు నడిపారు.

ఇప్పుడు నిజంగా మాట్లాడుకోవాల్సిన సంగతి డబ్బు. ఆర్డీటీ పనిలో పెద్ద భాగం స్పెయిన్ కుటుంబాలు నెలనెలా పంపే చందాల మీద నడిచింది. ఒక్కో కుటుంబం ఇక్కడ ఒక పిల్లవాడి చదువుకు తోడు నిలిచే పద్ధతి. బిల్‌బావోలోనో బార్సిలోనాలోనో ఉన్న ఒక టీచరమ్మ, తన జీతంలోంచి కంబదూరు పక్క పల్లె పిల్లకు పంపడం గొప్ప సంగతే. కానీ యాభై ఏళ్ల తర్వాత కూడా పిల్లల బడి, ఆడవాళ్ల కాన్పు వేరే ఖండం జేబు మీద ఆధారపడి ఉండటం గట్టి పునాది కాదు. విదేశీ విరాళాల మీద కేంద్రానికి అనుమానాలు ఉన్నాయి, చట్టం ఉంది, తనిఖీ ఉంటుంది. విదేశీ డబ్బుకు లెక్క చెప్పమని అడగడం ప్రభుత్వం హక్కే. దాన్ని నేను తప్పు పట్టను. మతం మార్పిడి కోసమే సేవ అన్న అనుమానం 1968 మన్మాడ్‌లో ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి జవాబు మాటల్లో దొరకదు. ఈ ఊళ్లలో యాభై ఏళ్లుగా బావి, బడి, ఆసుపత్రి వాడుకున్నవాళ్లు ఏ గుడికి వెళ్తున్నారో, ఏ పండగ చేసుకుంటున్నారో చూస్తే తెలుస్తుంది. ఉగాదికి ఇల్లు అలుకుతున్నారు, పీర్ల పండగకు చక్కెర చదివిస్తున్నారు, చర్చికి వెళ్లేవాళ్లు చర్చికి వెళ్తున్నారు.

2025లో ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు అనంతపురం జిల్లాలో జనం రోడ్డెక్కారు. పార్టీలకు అతీతంగా ర్యాలీలు తీశారు. మన్మాడ్ రైతులు నడిచింది ఒక మనిషి కోసం. ఇక్కడ అప్పటికే ఆ మనిషి పోయి పదహారేళ్లయింది. నడిచింది ఆసుపత్రి కోసం, బడి కోసం. సంస్థ ఫలానా ఆయనది అన్న మాట పోయి మాది అన్న మాట వచ్చింది. ఒక మిషనరీ సాధించగలిగినదాంట్లో ఇది చాలా పెద్దదని నా నమ్మకం.

అయితే ‘మాది’ అన్నాక భారం కూడా మనదే కావాలి. ఆ దిశలో ఆర్డీటీ ‘ఇండియా ఫర్ ఇండియా’ అని ఒక ప్రయత్నం చేసింది. ఊళ్లలో ఇళ్లకు చిన్న చిన్న హుండీలు ఇచ్చి, వీలైనప్పుడల్లా రూపాయి, ఐదు రూపాయలు వేయమని అడిగింది. కూలిపని నుంచి వచ్చిన అమ్మ కొంగుముడిలోంచి తీసి అందులో వేసే నాణెం ఎంతో చిన్నది. కానీ అది ఊళ్లోనే పుట్టిన డబ్బు. తల్లిదండ్రులు లేని పిల్లలకో, దిక్కులేని ముసలివాళ్లకో వెళ్లే డబ్బు. అనంతపురం నుంచి చదువుకుని హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఈ ట్రస్టు బడుల మీదుగా, ఈ ట్రస్టు తోడుతో పైకి వచ్చినవాళ్లూ ఉన్నారు. స్పెయిన్ టీచరమ్మ తన జీతంలోంచి నెలనెలా తీసింది, ముఖం కూడా చూడని పిల్ల కోసం. అదే పని కళ్యాణదుర్గంలో, కంబదూరులో పుట్టి, ఊళ్లో ఇంకా అవ్వాతాతలు ఉన్నవాళ్లు చేయడానికి ఏ అనుమతి పత్రమూ అక్కర్లేదు.